ఇంట్లో గాలికి చార్జ్ ఎక్కితే ఒంటికి ఏమవుతుంది, ఏం చేసుకోవాలి

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా, సిరొంచ వైపు ఉన్న మన తెలుగు ఇళ్ళలో ఈ విషయం మీద మూడు మాటలు వినిపిస్తుంటాయి. చలికాలంలో "దుప్పటి దులిపితే నిప్పురవ్వలు వస్తున్నాయి" అంటారు. ఎండాకాలంలో "కూలర్ ముట్టుకుంటే జుమ్మంటోంది" అంటారు. ఈ మధ్య కొత్తగా "నెగటివ్ అయాన్ల మెషిన్ పెట్టుకుంటే ఆయాసం తగ్గుతుందట, కొందామా?" అని అడుగుతున్నారు. మూడూ ఒకటే అనుకోవడంతో వచ్చింది చిక్కంతా. మొదటిది చిన్న చికాకు. రెండోది ప్రాణం తీసేది. మూడోది చాలావరకు దండగ ఖర్చు, ఒక్కోసారి ఊపిరితిత్తులకు చేటు కూడా. భయపడాల్సిన కూలర్‌ను అలాగే వదిలేసి, అక్కర్లేని మెషిన్‌కు వేలు పోస్తున్న ఇళ్ళు చూస్తుంటే బాధేస్తుంది. అందుకే ఏది ఏదో ఎలా పోల్చుకోవాలో, ఏది ముందు చేయాలో వరుసగా రాస్తున్నాను.

ముందు ఈ నాలుగు ముక్కలు తెలుసుకోండి

గాలిలో ఉండే అణువుకు ఒక ఎలక్ట్రాన్ ఊడిపోయినా, ఒకటి అదనంగా వచ్చి చేరినా అది అయాన్ అవుతుంది. ఈ పని రాత్రింబగళ్ళు జరుగుతూనే ఉంటుంది. నేలలోంచి ఊరే రాడాన్ వాయువు, అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు అయాన్లను పుట్టిస్తూనే ఉంటాయి. శుభ్రమైన పల్లె గాలిలో ఘన సెంటీమీటరుకు కొన్ని వందల నుంచి వెయ్యి దాకా ఉంటాయి. అవి కొద్ది నిమిషాలు కూడా నిలవవు. దేనికో ఒకదానికి అతుక్కుని చార్జ్ పోగొట్టుకుంటాయి. దుమ్ము, పొగ ఎక్కువుంటే ఇంకా తొందరగా పోతాయి.

పెన్‌గంగ మీద సహస్రకుండ్ జలపాతం దగ్గర నిలబడితే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది కదా, అక్కడ నెగటివ్ అయాన్లు ఎక్కువుంటాయన్నది నిజమే. నీళ్ళు రాళ్ళ మీద పడి చిట్లినప్పుడు తుంపరలకూ గాలికీ చార్జ్ ఎక్కుతుందని 1892లోనే ఫిలిప్ లెనార్డ్ అనే శాస్త్రవేత్త రాశాడు. అయితే అక్కడ చల్లదనం ఉంది, చెట్లు ఉన్నాయి, తుంపరలకు దుమ్ము అణిగిన గాలి ఉంది, పనికి సెలవు పెట్టి వచ్చిన నిశ్చింత ఉంది. ఆ సుఖమంతా అయాన్ల ఖాతాలో వేయడం సరికాదు. పొయ్యిలో మంట కూడా అయాన్లను బోలెడు పుట్టిస్తుంది. అంతమాత్రాన బొగ్గుల సిగ్డీ (కుంపటి) పక్కన కూర్చుంటే ఎవరికీ ఆరోగ్యం రాదు. గాలిలో అయాన్లు ఎన్ని ఉన్నాయన్న లెక్కను బట్టి ఆ గాలి మంచిదో చెడ్డదో చెప్పలేం.

మొదటి పని: తగిలింది ఏ షాకో పోల్చుకోండి

తలుపు గొళ్ళెమో, బీరువా పిడో పట్టుకోగానే ఒక్కసారి చురుక్కుమని ఆగిపోయి, వెంటనే మళ్ళీ పట్టుకుంటే ఏమీ లేకపోతే అది స్టాటిక్. మీ ఒంటి మీద పోగైన చార్జ్ ఒక్క దెబ్బకు ఖాళీ అయిపోయిందన్నమాట. ఆ చురుక్కు తెలియాలంటే ఒంటి మీద రెండు మూడు వేల వోల్టులు ఉండాలి. వేల వోల్టులని కంగారు పడకండి. అందులో ఉన్న శక్తి చాలా కొంచెం, కనురెప్ప వేసేలోపే అయిపోతుంది. మామూలు మనిషి గుండెకు దానివల్ల ఏమీ కాదు.

ముట్టుకున్నంతసేపూ జుమ్మంటూ ఉంటే, చెయ్యి తీస్తే ఆగి మళ్ళీ పెడితే మళ్ళీ వస్తుంటే, తడి కాళ్ళతో ఎక్కువగా, చెప్పులేసుకుంటే తక్కువగా తెలుస్తుంటే అది లీకేజీ కరెంటు. అనుమానం తీర్చుకోవడానికి రెండోసారి ముట్టుకుని చూడొద్దు. మెయిన్ ఆపేసి, ఆ తర్వాత ప్లగ్ పీకి పక్కన పెట్టండి. కూలర్, నీళ్ళ మోటారు, గీజరు, ఫ్రిజ్, ఇనుప బీరువాకు ఆనుకుని పోయే వైరు, వీటిలో దేని దగ్గరైనా ఇది రావచ్చు.

హైటెన్షన్ లైన్ కింద రేకుల ఇల్లు ఉన్నవాళ్ళకు ఇంకొకటి కనిపిస్తుంది. ఇంట్లో కరెంటు లేకపోయినా రేకు ముట్టుకుంటే, బట్టలారేసిన ఇనుప తీగ పట్టుకుంటే సన్నగా జివ్వుమంటుంది. పైనున్న లైను ప్రభావంతో రేకులకు చార్జ్ ఎక్కడం వల్ల ఇది వస్తుంది. వైర్‌మన్‌ను పిలిచి రేకులకు, ఆ తీగకు ఎర్త్ ఇప్పిస్తే పోతుంది. అసలు అది లైనుకు మరీ దగ్గరగా కట్టిన ఇల్లేమో కూడా కరెంటు ఆఫీసులో అడగండి.

రెండో పని: కూలర్, ఎర్తింగ్. ఈ ఒక్కటైనా ఇవాళే చూడండి

మా పేటలో ఒక పెద్దమ్మ ఉంది. "బిడ్డా, కూలర్ ముట్టుకుంటే జుమ్మంటోంది గానీ చెప్పులేసుకుంటే ఏం లేదు" అని నెమ్మదిగా చెప్పింది, అదేదో కూలర్‌కు ఉండే అలవాటన్నట్టు. "చెప్పులేసుకుంటే తెలియట్లేదంతే పెద్దమ్మా, కరెంటు మాత్రం ఆ రేకు మీదే ఉంది. నీళ్ళు పోసేటప్పుడు నీ కాళ్ళు తడవడమే ఆలస్యం" అని ప్లగ్ పీకించాను. వెనక తలుపు విప్పి చూస్తే పంపు వైరు రేకు అంచుకు రాసుకుని రాసుకుని పైతొడుగు అరిగి, లోపలి రాగి గోరంత మేర బయటికి కనిపిస్తోంది. ప్లగ్ దగ్గర పచ్చ వైరు (ఎర్త్ వైరు) కత్తిరించి, వెనక్కి మడిచి టేపు చుట్టేశారు. ఎక్స్‌టెన్షన్ బోర్డు రెండు పిన్నులది, మూడో పిన్నుకు చోటు లేదని. ఆ పచ్చ వైరు ఉండి, దాని వెనక ఎర్తింగ్ సరిగ్గా ఉండి ఉంటే రాగి రేకుకు తగిలిన మొదటి రోజే ఫ్యూజు పోయేదో, బ్రేకర్ పడేదో. లేదు కాబట్టి కరెంటు ఆ రేకు మీదే కూర్చుంది.

లెక్క చూడండి. ఒక మిల్లీయాంపియర్ దాటితే జుమ్మని తెలుస్తుంది. పదీ పదిహేను దగ్గర చెయ్యి బిగుసుకుపోయి విడిపించుకోవడం కష్టమవుతుంది. 30 దాటితే గుండెకే ముప్పు. తడిసిన ఒళ్ళు సుమారు వెయ్యి ఓమ్‌ల నిరోధం ఇస్తుందనుకుంటే 230 వోల్టుల దగ్గర 230 మిల్లీయాంపియర్లు ఒంట్లోంచి పోతాయి. మీ బోర్డులో ఉన్న 16 యాంపియర్ల ఎంసీబీకి (కరెంటు మితిమీరితే పడిపోయే బ్రేకర్‌కు) అది లెక్కలోకే రాదు, అసలు కదలదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. 30 మిల్లీయాంపియర్ల రకం అడగండి. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా లేవని తెలియగానే సెకనులో చిన్న వంతులోనే లైన్ కట్ చేస్తుంది. దాని మీద ఉన్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. నొక్కితే పడిపోవాలి. పడకపోతే మార్పించండి.

ఇక వరుసగా ఇవి చూసుకోండి:

1. కూలర్ ప్లగ్‌కు మూడు పిన్నులు ఉండాలి, పెట్టే సాకెట్‌కూ మూడు ఉండాలి. సాకెట్‌లో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన సరిపోదు, దాని వెనక వైరు ఉందో లేదో వైర్‌మన్‌తో చూపించుకోండి. పాత క్వార్టర్లలో, అద్దె గదుల్లో చాలాచోట్ల ఖాళీగానే ఉంటుంది.

2. ఎర్త్ లేదని న్యూట్రల్‌నే (కరెంటు తిరిగిపోయే వైరునే) మూడో పిన్నుకు కలిపేసే వాళ్ళున్నారు. ఒప్పుకోవద్దు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే ఆ కూలర్ ఒళ్ళంతా ఫేజ్ (సరఫరా వైరు కరెంటు) వచ్చి కూర్చుంటుంది. నల్లా పైపుకు ఎర్త్ కలపడం కూడా పాత పద్ధతి. ఇప్పుడు మధ్యలో ఎక్కడో పీవీసీ పైపు ఉంటుంది, కరెంటు నేలలోకి పోదు.

3. ఇంటి ఎర్త్ గుంత ఎక్కడుందో కనుక్కుని ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా అందులో నీళ్ళు పోస్తుండండి. మన వైపు నల్లరేగడి ఎండితే బీటలు వారుతుంది, ఎండిన నేలలోకి కరెంటు సరిగ్గా దిగదు. కూలర్లన్నీ నడిచే ఏప్రిల్, మే నెలల్లోనే ఎర్తింగ్ అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. ఎర్త్ రెసిస్టెన్స్ కొలిపించుకోండి, ఇళ్ళకు 5 ఓమ్‌ల లోపు ఉండేలా చేస్తారు.

4. నీళ్ళు పోసే ముందు ప్రతిసారీ ప్లగ్ పీకండి. స్విచ్ ఆపడం చాలదు, ఎందుకంటే కొన్ని బోర్డుల్లో స్విచ్ న్యూట్రల్ మీద ఉంటుంది. ఈ మాట ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి.

5. టెస్టర్‌ను పూర్తిగా నమ్మొద్దు. దీపం వెలిగితే జాగ్రత్తపడండి గానీ, వెలగలేదని ధైర్యం తెచ్చుకోవద్దు.

6. కిటికీకి బయటి వైపు పెట్టిన కూలర్ సందులో ఆడుకునే పిల్లల చేతికి అందుతుందేమో చూడండి.

ఎవరైనా కరెంటుకు అంటుకుపోతే ముందు మెయిన్ ఆపండి. మనిషిని ముట్టుకోవద్దు. మెయిన్ అందకపోతే ఎండిన కర్రతో విడదీయండి. ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టి 108కి ఫోన్ చేయించండి. గట్టి షాక్ తగిలినవాళ్ళు లేచి తిరుగుతున్నా సరే, ఆసుపత్రిలో ఒకసారి ఈసీజీ తీయించండి.

మూడో పని: స్టాటిక్‌ను తగ్గించుకోండి

పాలిస్టర్ దుప్పటి, నైలాన్ చీర, ప్లాస్టిక్ చాప, రెక్సిన్ కుర్చీ, రబ్బరు చెప్పులు. వీటి రాపిడికి చార్జ్ పుడుతుంది, గాలి పొడిగా ఉంటే అది పోవడానికి దారి ఉండదు. గదిలో తేమ 40 శాతం పైన ఉంటే ఈ బాధ చాలావరకు ఉండదు. 30 లోపుకు దిగితే ముట్టుకున్నదల్లా చురుక్కుమంటుంది.

తేమ కొలవడానికి చిన్న డిజిటల్ మీటరు దొరుకుతుంది. లేకపోతే గది వేడి చూసే రెండు థర్మామీటర్లు చాలు. ఒకదాని బుడ్డికి తడి నూలుగుడ్డ చుట్టి, రెండింటికీ విసనకర్రతో ఐదు నిమిషాలు విసరండి. పొడిది 25 డిగ్రీలు, తడిది 16 చూపిస్తే తేమ 38 శాతం దగ్గర ఉన్నట్టు. మే నెల మధ్యాహ్నం పొడిది 40, తడిది 22 ఉంటే తేమ 20 శాతం కూడా లేనట్టే. రెండింటి మధ్య తేడా పెరిగేకొద్దీ గాలి అంత పొడి.

చేయాల్సినవి తేలికే. పడకమీద పాలిస్టర్ బదులు నూలు వాడండి. సోలాపూర్ చద్దర్ ఉండనే ఉంది, అక్కడి మన పద్మశాలీలు నేసిన నూలు దుప్పటి, మన చలికి సరిపోతుంది. నేల తడిగుడ్డతో తుడవండి. చేతులకు, కాళ్ళకు కొబ్బరినూనె రాయండి, పొడిబారిన చర్మం మీద చురుకు ఎక్కువ తెలుస్తుంది. గొళ్ళెం పట్టుకునే ముందు చేతిలో ఉన్న తాళంచెవి కొసతో ముట్టుకుంటే రవ్వ తాళంచెవి నుంచి పోతుంది, వేలికి నొప్పి ఉండదు. కూలర్ నడిపేటప్పుడు ఎదుటి కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. లేకపోతే తేమ 60 దాటి గోడలకు బూజు పడుతుంది, అది ఆయాసం ఉన్నవాళ్ళకు ఇంకో బెడద.

వంటింట్లో మాత్రం స్టాటిక్‌ను చిన్నచూపు చూడొద్దు. మనిషికి తెలిసేంత రవ్వ గ్యాస్‌ను అంటించడానికి చాలు. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా, అక్కడ దుప్పట్లు దులపకుండా, స్వెట్టర్ విప్పకుండా రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి.

వడగాలి వీచే రోజుల్లో తలనొప్పి, చిరాకు, నిద్రలేమి పాజిటివ్ అయాన్ల వల్లేనని కొందరు చెప్తారు. ఒంట్లో నీళ్ళు తగ్గడం, రాత్రిళ్ళు కూడా గది చల్లబడకపోవడం ఆ బాధలన్నిటికీ చాలినంత కారణం. నీళ్ళు, మజ్జిగ, ఉప్పు వేసిన గంజి ముందు తాగించండి.

నాలుగో పని: గాలిలో నిజంగా చేటు చేసేదాన్ని తగ్గించండి

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ కడితే చంద్రపూర్‌కు 83.88 వచ్చింది, అప్పట్లో దేశంలో నాలుగో స్థానం. బొగ్గు గనులు, 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం, సిమెంటు ఫ్యాక్టరీలు పక్కనే పెట్టుకుని ఉంటున్న మనకు అయాన్ల కంటే ముందు ఆలోచించాల్సింది సన్న దుమ్ము గురించి. పీఎం 2.5 అనే ఆ దుమ్ముకు మన దేశంలో 24 గంటల సగటు హద్దు ఘన మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. ఇక్కడ చార్జ్ సంగతి కూడా కొంచెం ఉంది. చార్జ్ ఎక్కిన సన్న దుమ్ము, చార్జ్ లేనిదానికంటే ఊపిరితిత్తుల దారుల్లో ఎక్కువగా అతుక్కుంటుంది. దుమ్మే తగ్గితే ఆ మాటే ఉండదు.

బొగ్గుల సిగ్డీ ఇంట్లో పెట్టొద్దు. చలికాలం రాత్రి తలుపులేసుకుని సిగ్డీ పక్కన పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్‌తో నిద్రలోనే పోతారు. దానికి వాసన ఉండదు, దగ్గు రాదు. పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డ పెట్టండి. గని నుంచి వచ్చినవాళ్ళ బట్టలు గడప బయటే దులిపి, వేరే బకెట్‌లో నానబెట్టండి. వీధిలో లారీల దుమ్ము తక్కువున్న వేళ చూసి కిటికీలు తెరవండి.

ఐదో పని: అయాన్ల మెషిన్ కొనేముందు ఇది చదవండి

ఈ మెషిన్‌లో సన్న సూది మొనకు వేల వోల్టులు ఇస్తారు. ఆ మొన దగ్గర పుట్టిన అయాన్లు దుమ్ముకు అంటుకుంటాయి, చార్జ్ ఎక్కిన దుమ్ము గోడకో, నేలకో, తెరకో అతుక్కుంటుంది. మెషిన్ వెనక గోడ నల్లబడేది అందుకే. అంటే దుమ్ము ఇంట్లోనే ఉంటుంది, మనం నడిచినప్పుడు కొంత మళ్ళీ లేస్తుంది.

ఆ మొన దగ్గరే ఓజోన్ కూడా పుడుతుంది. పిడుగు పడ్డాక వచ్చే ఘాటు వాసన లాంటిది మెషిన్ దగ్గర వస్తుంటే అది తాజా గాలి అనుకోకండి. ఓజోన్ ఊపిరితిత్తుల లోపలి పొరను మండిస్తుంది, ఆయాసం ఉన్నవాళ్ళకు ముందుగా తగులుతుంది. మన దేశంలో బయటి గాలికి 8 గంటల హద్దు ఘన మీటరుకు 100 మైక్రోగ్రాములు. అంటే పది లక్షల భాగాల్లో 0.05 వంతు. కాలిఫోర్నియాలో ఇంట్లో వాడే గాలి మెషిన్లు పది లక్షల భాగాల్లో 0.050 వంతు దాటి ఓజోన్ వదిలితే అమ్మనివ్వరు. పైగా నిమ్మ వాసన ఫినాయిలు, సెంటు అగరుబత్తి లాంటి వాటితో ఓజోన్ కలిస్తే ఫార్మల్డిహైడ్, మరింత సన్నని కణాలు పుడతాయి.

మరి లాభం సంగతి? 2013లో పాత పరిశోధనలన్నిటినీ కలిపి చూశారు. ఆందోళన, నిద్ర, మనశ్శాంతి విషయంలో అయాన్లతో నిలకడైన ఫలితం కనిపించలేదు, ఉబ్బసంలోనూ ఊపిరితిత్తుల పనితీరు మెరుగుపడలేదు. చాలా ఎక్కువ సాంద్రతలో నెగటివ్ అయాన్లు ఇచ్చినప్పుడు డిప్రెషన్, ముఖ్యంగా చలిదేశాల్లో శీతాకాలంలో వచ్చే రకం, కొంత తగ్గింది. అది మనం బజారులో కొనే మెషిన్‌తో వచ్చేది కాదు. 2019లో బీజింగ్ బడి పిల్లల మీద చేసిన పరిశోధనలో అయనైజర్‌తో (అయాన్ల మెషిన్‌తో) దుమ్ము తగ్గి ఊపిరి కొంచెం మెరుగైంది గానీ, గుండె లయకు సంబంధించిన కొలత చెడు వైపు కదిలింది. పిల్లలున్న ఇంట్లో దీన్ని పెట్టమని నేనైతే చెప్పను.

డబ్బు ఉండి కొనాలనుకుంటే హెపా ఫిల్టర్ ఉన్నది కొనండి. 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం పట్టేదాన్నే హెపా అంటారు. పడకగది కొలత చెప్పి, ఆ గదికి సరిపోయే సామర్థ్యం ఉన్నదే అడగండి.

నెగటివ్ అయాన్ల లాకెట్లు, కంకణాలు ఎవరు ఉచితంగా ఇచ్చినా ఒంటి మీద పెట్టుకోవద్దు. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ ఇలాంటి పది వస్తువులు రేడియేషన్ వదులుతున్నాయని హెచ్చరించింది. అందులో పిల్లల కంకణం కూడా ఉంది. రేడియో ధార్మిక ఖనిజం కలిపితే పక్కనున్న గాలిలో అయాన్లు పుట్టేమాట నిజమే, అందుకోసం రాత్రీ పగలూ ఆ రేడియేషన్‌ను చర్మానికి అంటించుకుని తిరగాలి.

ఇప్పటికే మెషిన్ కొనేసి ఉంటే పారేయక్కర్లేదు. చాలా ప్యూరిఫయర్లలో, కొన్ని ఏసీల్లో ఫిల్టర్‌కూ అయనైజర్‌కూ బటన్లు వేరుగా ఉంటాయి. అయాన్ అనో, ప్లాస్మా అనో రాసి ఉన్న బటన్ ఆపేసి ఫ్యాన్, ఫిల్టర్ మాత్రం నడపండి. విడిగా ఆపే వీలు లేకుండా వట్టి అయనైజర్ మాత్రమే అయితే ప్లగ్ పీకేయండి. ఆయాసం ఉన్నవాళ్ళు డాక్టర్ రాసిన ఇన్‌హేలర్‌ను మెషిన్ ఉంది కదా అని మానేసి ఉంటే ఇవాళ్టి నుంచే మళ్ళీ మొదలుపెట్టించి, ఈ వారంలోనే ఆ డాక్టర్‌కు ఒకసారి చూపించండి.